పంచాయతీ పనితీరు: లెక్క ఎవరి ముందు పెట్టాలి?

స్వతంత్ర భారతదేశంలో పంచాయతీరాజ్ వ్యవస్థకు మూలం ఒక మూల్యాంకనమన్న సంగతి నేడు చాలామందికి గుర్తులేదు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైన ఏడాదే, ఆ పథకం పల్లెల్లో నిజంగా ఏం సాధిస్తున్నదో చూసి చెప్పడానికి ప్రణాళికా సంఘం కింద కార్యక్రమ మూల్యాంకన సంస్థ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. తరువాత 1957 జనవరిలో నియమితమైన బల్వంతరాయ్ మెహతా అధ్యయన బృందం అదే ఏడాది నవంబరులో నివేదిక సమర్పిస్తూ, పథకాన్ని ప్రజలు తమదిగా భావించలేదనీ, అధికారులు నడిపే పనికి గ్రామస్థులు ప్రేక్షకులుగా మిగిలిపోయారనీ, ఎన్నికైన స్థానిక సంస్థలకు అధికారమూ వనరులూ అప్పగించనిదే ఈ లోపం తీరదనీ తేల్చింది. ఆ సిఫారసుల ఆధారంగానే 1959 అక్టోబరులో మొదట రాజస్థాన్‌లోని నాగౌర్‌లోనూ, కొద్దిరోజులకే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని షాద్‌నగర్‌లోనూ జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఒక పథకం ఎక్కడ దెబ్బతిన్నదో దాచకుండా చెప్పిన నివేదిక ఒక కొత్త పాలనా వ్యవస్థకే దారి తీసిందంటే, స్థానిక పాలనలో మూల్యాంకనానికి ఎంతటి శక్తి ఉన్నదో గ్రహించవచ్చు. అదే మూల్యాంకనం తరువాతి దశాబ్దాల్లో మార్కుల పట్టికగా, బహుమతుల జాబితాగా కుదించుకుపోవడం ఎంత నష్టమో కూడా అక్కడి నుంచే అర్థమవుతుంది.

చర్చలోకి వెళ్లేముందు నాలుగు మాటలను విడివిడిగా చూడడం అవసరం, ఎందుకంటే కార్యాలయాల్లో వీటిని ఒకదాని బదులు మరొకటి వాడడం వల్ల పనిలోనే గందరగోళం ఏర్పడుతున్నది. ఆడిట్ అంటే సొమ్ము నిబంధనల ప్రకారం ఖర్చయిందా, ప్రతి ఖర్చుకూ ఓచరు, తీర్మానం, కొలతల పుస్తకంలో నమోదు ఉన్నాయా అని చూసే లెక్కల తనిఖీ. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని 1989 నాటి చట్టం కింద స్టేట్ ఆడిట్ శాఖ చేస్తున్నది, పల్లెల్లో దీనిని ఇప్పటికీ లోకల్ ఫండ్ ఆడిట్ అనే పిలుస్తారు. పర్యవేక్షణ అంటే పని జరుగుతుండగానే అది అనుకున్న వేళకు, అనుకున్న తీరులో సాగుతున్నదా అని ఎప్పటికప్పుడు కనిపెట్టి చూడడం. మూల్యాంకనం వీటికంటే లోతైన ప్రశ్న వేస్తుంది: చేసిన పని వల్ల జనజీవితంలో మార్పు వచ్చిందా, వస్తే అది ఈ పని వల్లనే వచ్చిందా, రాకపోతే కారణమేమిటి అని విచారిస్తుంది. పనితీరు నిర్వహణ అనేది ఈ మూడింటి నుంచి తెలిసిన సంగతులను తీసుకుని, లక్ష్యాలు పెట్టడం, సిబ్బందికి బాధ్యతలు పంచడం, నిధులు మళ్లించడం, వచ్చే ఏడాది ప్రణాళిక మార్చడం వంటి నిర్ణయాలుగా మలిచే నిత్య వ్యవహారం. కొలత ఎంత కచ్చితంగా జరిగినా దాని వెంట నిర్ణయం లేకపోతే అది పనితీరు నిర్వహణ అనిపించుకోదు.

రక్షిత మంచినీటి పథకాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడాలు మరింత స్పష్టమవుతాయి. ఒక గ్రామంలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టడానికి ఇన్ని లక్షలు ఖర్చయ్యాయన్నది వనరుల లెక్క. ట్యాంకు లేచింది, పైపులు వేశారు, ఇంటింటికీ కుళాయి బిగించారు అన్నది జరిగిన పని లెక్క. ఊరి చివర ఎత్తు మీదున్న వీధిలోని ఆఖరి ఇంటి కుళాయికి వేసవిలో సైతం నీరు అందుతున్నదా అన్నది ఫలితం లెక్క. ఆ నీటి వల్ల పిల్లల్లో అతిసారం తగ్గిందా, బిందెలు మోసే ఆడవాళ్లకు ఎంత సమయం మిగిలింది అన్నది ప్రభావం లెక్క. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలని ప్రమాణం పెట్టడమే కాక, ప్రతి గ్రామంలో కనీసం అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడడంలో శిక్షణ ఇవ్వాలని చెప్పింది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపినట్లు రిజిస్టరులో రాయడం ఒక ఎత్తయితే, చివరి కుళాయి దగ్గర పట్టిన నీటిలో మందుచుక్కలు వేసి, మారిన రంగును కిట్టులోని పట్టీతో సరిపోల్చి క్లోరిన్ మిగిలి ఉన్నదో లేదో ఆ వీధి మహిళే తేల్చడం మరొక ఎత్తు. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా చివరిదాకా మిగలకపోతే, దారిలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తుండవచ్చునని ఆమె పంచాయతీకి చెప్పగలదు, పంచాయతీ ఆ వారంలోనే పైపు తవ్వించగలదు. మూల్యాంకనమనే పెద్దమాటకు గ్రామస్థాయిలో ఇంతకంటే సార్థకమైన రూపం దొరకడం కష్టం. కొలిచిన మనిషి, ఆ కొలతతో పని ఉన్న మనిషి, దిద్దవలసిన మనిషి ముగ్గురూ ఒకే ఊరిలో ఉంటారు.

ఆచరణలో మాత్రం స్థానిక సంస్థల పనితీరు కొలత ఎక్కువగా ఇందుకు ఎదురుదిశలో నడుస్తున్నది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఏప్రిల్‌లో వెలువరించిన పంచాయత్ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్, అంటే పంచాయతీ పురోగతి సూచిక, ఈ రంగంలో దేశం చేసిన ప్రయత్నాలన్నిటిలో పెద్దది. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను గ్రామస్థాయికి దించి, పేదరికం లేని గ్రామం, ఆరోగ్య గ్రామం, బాలల హిత గ్రామం, సమృద్ధిగా నీరున్న గ్రామం, మహిళల హిత గ్రామం మొదలైన తొమ్మిది ఇతివృత్తాల కింద 435 సూచికలతో, 566 రకాల సమాచారంతో 2022-23 సంవత్సరానికి దీనిని రూపొందించారు. దేశంలోని 2,55,699 గ్రామ పంచాయతీల్లో 2,16,285 పంచాయతీల సమాచారం పరిశీలనకు నిలిచింది. వాటిలో నూటికి 90కి పైగా మార్కులు తెచ్చుకుని అగ్రశ్రేణికి చేరిన పంచాయతీ ఒక్కటీ లేదు, 75 నుంచి 90 లోపు సాధించినవి 699 మాత్రమే, మిగిలినవాటిలో 1,32,392 పంచాయతీలు 40 నుంచి 60 మార్కుల నడుమ ఉండిపోయాయి. ఆ 699 పంచాయతీల్లో 346 గుజరాత్‌వి కాగా 270 తెలంగాణవి. అగ్రశ్రేణిని ఖాళీగా ఉంచగలిగిన ఈ నిజాయితీని మెచ్చుకోవలసిందే, ఎందుకంటే ప్రభుత్వ సర్వేల్లో అందరికీ మంచి మార్కులు వేసి పంపడమే అంతకుముందు ఎక్కువగా కనిపించిన అలవాటు.

అయితే ఇన్ని వందల సూచికల బరువు ఎవరి మీద పడుతున్నదో కూడా చూడాలి. పుట్టిన బిడ్డల బరువు, టీకాలు, బడి మానేసిన పిల్లలు, భూగర్భ జలమట్టం, బ్యాంకు రుణాలు, పశువుల ఆసుపత్రి వంటి అంశాల సమాచారమంతా వేర్వేరు శాఖల సిబ్బంది చేతుల్లో ఉంటుంది. దానిని కూడగట్టి కంప్యూటరులోకి ఎక్కించే పని చాలావరకు పంచాయతీ కార్యదర్శి నెత్తిన పడుతుంది. ఆస్తిపన్ను వసూలు, వీధిదీపాలు, చెత్త సేకరణ, జనన మరణ ధ్రువపత్రాలు, వీటన్నిటి మధ్య గడువు ముంచుకొస్తుంటే గడి ఖాళీగా ఉంచలేక నిరుటి అంకెనే మళ్లీ కొట్టేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తరువాతి విడతలో సూచికల సంఖ్యను 150 లోపుకు తగ్గించడం సరైన దిద్దుబాటే కానీ, సంఖ్య తగ్గినంత మాత్రాన అసలు ప్రశ్న తీరదు. ఈ అంకెలు పైకి వెళ్లి, అక్కడ కలగలిసి, శ్రేణిగా మారి తిరిగి కిందికి వచ్చేసరికి, ఆ ఊరి జనానికి తమ పంచాయతీకి ఫలానా శ్రేణి వచ్చిందని తెలుస్తుందే తప్ప, ఏ వీధిలో ఏ లోపం వల్ల ఆ శ్రేణి వచ్చిందో తెలియదు.

ఇంతకంటే మౌలికమైన అన్యాయం మరొకటి ఉన్నది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలు పేర్కొని, వాటిని పంచాయతీలకు అప్పగించే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలకు ఇచ్చింది. నిధులు, విధులు, విధి నిర్వాహకులు అనే మూడూ కలిసి బదిలీ అయితేనే అధికార వికేంద్రీకరణ పూర్తవుతుందని పంచాయతీరాజ్ ఉద్యమకారులు మూడు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. అంగన్‌వాడీ కార్యకర్త స్త్రీ శిశు సంక్షేమ శాఖకు, ఏఎన్ఎం వైద్య ఆరోగ్య శాఖకు, ఉపాధ్యాయుడు విద్యాశాఖకు, లైన్‌మన్ విద్యుత్ సంస్థకు జవాబు చెబుతారు. వీరిలో ఒక్కరి సెలవు చీటీ మీదనైనా సంతకం పెట్టే అధికారం లేని సర్పంచి గ్రామంలోని శిశువుల బరువుకు, బడి హాజరుకు మార్కులు పోగొట్టుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలై పల్లెల్లోకి చదువుకున్న యువ ఉద్యోగులు వచ్చినా, వారిలో పలువురు మాతృశాఖల ఆదేశాల మీదనే పనిచేయడం వల్ల ఎన్నికైన పంచాయతీకి వారి మీద అజమాయిషీ అంతంతమాత్రంగానే మిగిలింది. తన చేతిలో లేనిదానికి ఎవరినైనా జవాబుదారీ చేయడం పనితీరు నిర్వహణలో మొదటి తప్పు; ఏ సూచిక పంచాయతీ సొంత పనిని కొలుస్తున్నది, ఏది గ్రామ పరిస్థితిని మాత్రమే తెలుపుతున్నది అన్న విభజన లేకుండా రెండింటినీ ఒకే మార్కులో కలపడం ఆ తప్పునే శాస్త్రీయత పేరుతో కొనసాగించడమవుతుంది.

కొలతలకు శిక్షలు, బహుమతులు ముడివేసినప్పుడు ఏం జరుగుతుందో బ్రిటన్ అనుభవం వివరంగా చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక సంస్థల ఆడిట్ కోసం 1983లో ఆడిట్ కమిషన్ ఏర్పడింది. 1999 చట్టంతో ప్రతి కౌన్సిలు తన సేవలన్నిటినీ నిరంతరం మెరుగుపరచాలనే ఉత్తమ విలువ విధి వచ్చింది. 2002 నుంచి ఇంగ్లండ్‌లోని కౌన్సిళ్లను అత్యుత్తమం మొదలుకొని అధమం దాకా అయిదు తరగతులుగా విడగొట్టి బహిరంగంగా ప్రకటించారు. వెనకబడిన కౌన్సిళ్లు కొన్ని దీనివల్ల కదిలాయన్నది నిజమే, కానీ కొలిచే అంశాల మీద శ్రద్ధ పెరిగి, కొలవని అంశాలు మరుగునపడ్డాయన్న విమర్శ కూడా అంతే బలంగా వినిపించింది. ఒక కొలమానాన్ని లక్ష్యంగా మార్చిన మరుక్షణం నుంచి అది మంచి కొలమానంగా ఉండడం మానేస్తుందన్న సూత్రం బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం గురించి చేసిన పరిశీలన నుంచి వచ్చిందే. అయితే 2010లో అక్కడి ప్రభుత్వం ఆ భారమంతా వదిలించుకోదలచి ఆడిట్ కమిషన్‌ను రద్దు చేస్తున్నట్లు ప్రకటించి, 2015 మార్చి నెలాఖరుకు మూసివేసిన తరువాత, ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల ఆడిట్లు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ వంటి పెద్ద నగర కౌన్సిలు కొత్త ఖర్చులు నిలిపివేస్తూ, ఆదాయం చాలడం లేదని చట్టబద్ధంగా ప్రకటించవలసి వచ్చింది. అతిగా కొలవడంలో చెడు ఉన్నదని చెప్పేవారు, కొలవడమే మానేస్తే ఏమవుతుందో కూడా ఆ దేశాన్నే చూసి తెలుసుకోవచ్చు.

భారతదేశంలోనూ ఇటువంటి పాఠాలకు కొదవ లేదు. బహిరంగ మలవిసర్జన లేని పంచాయతీలకు నగదు బహుమతి ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం 2003లో ప్రకటితమై కొద్ది ఏళ్లలోనే వేలాది పంచాయతీలకు చేరింది. వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లి వంటి గ్రామాలు, అంతకుముందే కమిటీలు వేసుకుని తమ ఊరిని తాము దిద్దుకున్నవి, ఆ గౌరవానికి పూర్తిగా అర్హమైనవి. కానీ పురస్కారం అందుకున్న అనేక గ్రామాల్లో తరువాత జరిగిన అధ్యయనాలు, మరుగుదొడ్లు కట్టినా అందరూ వాడడం లేదనీ, కొన్ని చోట్ల సామాను కొట్లుగా మారాయనీ వెల్లడించాయి, ఎందుకంటే ఆ పురస్కారం ఒక్కసారి జరిగే తనిఖీ మీద ఆధారపడింది, బహుమతి అందాక మళ్లీ వచ్చి చూసేవారు లేకపోయారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి, కార్యదర్శుల మీద పెట్టి, విఫలమైతే పదవికే ముప్పు తెచ్చే నిబంధన చేర్చింది. ఆ రాష్ట్రంలోని పన్నెండు వేలకు పైగా పంచాయతీల్లో నర్సరీ, ట్రాక్టరు, చెత్త విభజన షెడ్డు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక ఏర్పడడం మామూలు విజయం కాదు, దానిని తక్కువ చేసి చూడడం తగదు. అయినా ఎండిపోయిన మొక్క స్థానంలో కొత్తది నాటి శాతం నిలబెట్టుకోవడానికీ, ఎండిన కారణం తెలుసుకుని ఆ నేలకు తగిన జాతిని ఎంచుకోవడానికీ ఉన్న తేడా శాతం చూపే పట్టికలో కనిపించదు; పదవి పోతుందన్న భయం మొదటి దారివైపే నెడుతుంది.

నిధులకు పనితీరును ముడిపెట్టే ప్రయత్నాలకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు పంచాయతీలకు సిఫారసు చేసిన సుమారు 2,00,292 కోట్ల రూపాయల్లో పది శాతాన్ని, ఆడిట్ పూర్తిచేసుకుని సొంత ఆదాయం పెంచుకున్న పంచాయతీలకు మాత్రమే అందే పనితీరు గ్రాంటుగా కేటాయించింది. ఇంటిపన్నుకు మించి పెద్దగా ఆదాయమార్గం లేని గిరిజన పంచాయతీ, జాతీయ రహదారి పక్కన వెంచర్లు వెలిసిన పంచాయతీ ఒకే షరతు ముందు నిలబడితే ఎవరు నెగ్గుతారో వేరే చెప్పనవసరం లేదు.

ఈ నేపథ్యంలో తెలుగునేల మీద గట్టిపడి దేశానికి దారి చూపిన ఒక పద్ధతిని కాస్త నిదానించి చూడాలి. అది సామాజిక తనిఖీ. ప్రభుత్వ రికార్డులో ఉన్నదానిని, ఆ రికార్డులో పేర్లున్న మనుషుల ముందే చదివి, వారి నోటి మాటతోనూ, పని జరిగిన చోటుతోనూ సరిచూసి, తేడాలను బహిరంగసభలో తేల్చే తనిఖీనే సామాజిక తనిఖీ అంటారు. దీని మూలం రాజస్థాన్‌లో ఉన్నది: 1994 డిసెంబరులో పాలి జిల్లా కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నిర్వహించిన జన సున్వాయిలో, అంటే బహిరంగ విచారణలో, మస్టరు రోళ్లు అనే కూలీల హాజరు పట్టీలు చదివి వినిపించినప్పుడు, ఆ పనికి ఎన్నడూ వెళ్లనివారి పేర్లు వాటిలో బయటపడ్డాయి. ఆ ఉద్యమం నుంచే సమాచార హక్కు చట్టం వచ్చింది, 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఆ చట్టం కింద ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది, అదే ఏడాది ఆ జిల్లాలోనే సామాజిక తనిఖీ కోసం పాదయాత్రలు జరిగాయి. ఇతర రాష్ట్రాలు ఆ సెక్షనును మొక్కుబడిగా తీసుకుని, పనులు చేయించినవారి చేతనే తనిఖీ చేయించుకుంటున్న కాలంలో, ఆంధ్రప్రదేశ్ 2009లో దీనికోసం ఒక స్వతంత్ర సొసైటీని ఏర్పాటుచేసి, పథకం ఖర్చులో అర శాతం దానికి కేటాయించింది. కొలిచేవారి జీతం కొలతకు గురయ్యేవారి చేతిలో ఉండకూడదన్న ఒక్క నియమం ఎంత తేడా తెస్తుందో ఈ ప్రయోగంలో తేలింది.

తనిఖీ జరిగే తీరును దగ్గర నుంచి గమనిస్తే దాని బలం తెలుస్తుంది. కూలీల కుటుంబాల నుంచే పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివిన యువతీ యువకులను ఎంపికచేసి, శిక్షణ ఇచ్చి, వారి సొంత ఊరు కాని గ్రామాలకు పంపుతారు. వారు మండల కార్యాలయం నుంచి మస్టరు రోళ్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు తీసుకుని గ్రామంలోనే బస చేస్తూ, పొద్దున్నే కూలీలు పనికి వెళ్లకముందో, చీకటిపడి తిరిగొచ్చాకో ఇంటింటికీ వెళ్తారు. జాబ్‌కార్డు చేతికి తీసుకుని, ఫలానా వారంలో ఆరు రోజులు పని చేసినట్లు, ఇంత కూలి అందినట్లు రికార్డులో ఉన్నది, నిజమేనా అని చదివి అడుగుతారు. తాను ఆ వారం కూతురి పురిటికి ఊరెళ్లానని ఒక ముసలమ్మ చెబితే, చనిపోయిన భర్త పేరున హాజరు పడిందని మరో ఇల్లాలు చెబితే, ఆ మాటను కాగితం మీద రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. తరువాత చెరువు పూడిక తీసిన చోటికి, పొలంగట్టు వేసిన చోటికి టేపు పట్టుకుని వెళ్లి పొడవు, వెడల్పు, లోతు కొలిచి, కొలతల పుస్తకంలోని అంకెతో పోల్చుతారు. గ్రామసభలో ఈ వివరాలన్నీ చదివాక, మండలస్థాయిలో జరిగే ప్రజావేదికలో ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, మండలంలో పథకాన్ని చూసే ఏపీవో మొదలైనవారు, ఫిర్యాదు చేసిన కూలీలు, జిల్లా అధికారి ఒకే పందిరి కింద కూర్చుంటారు. ఒక్కొక్క ఊరి నివేదిక చదువుతుంటే కూలీ లేచి మాట్లాడతాడు, ఉద్యోగి సంజాయిషీ ఇస్తాడు, అధికారి రికవరీయో, సస్పెన్షనో, తదుపరి విచారణో అక్కడే ప్రకటిస్తాడు. చదువు రాని మనిషి తన పేరున రాసిన అంకెను నిలదీయగలగడం, ఆ నిలదీతకు అధికారి అందరి ముందూ జవాబు చెప్పవలసి రావడం, ఈ రెండూ కలిసిన చోటే మూల్యాంకనం ప్రజాస్వామ్యంలో భాగమవుతుంది.

ఈ పద్ధతిని పొగిడి ఊరుకోవడం దానికి చేసే న్యాయం కాదు. ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఇవర్సెన్ ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల సామాజిక తనిఖీ నివేదికలను 2006-10 కాలానికి పరిశీలించినప్పుడు, తనిఖీలు మళ్లీమళ్లీ జరిగినా మొత్తం అవకతవకలు తగ్గలేదనీ, కూలీల వేతనాల్లో సులువుగా పట్టుబడే అక్రమాలు కొంత తగ్గిన చోట సామగ్రి బిల్లుల్లో పట్టుకోవడానికి కష్టమైన అక్రమాలు పెరిగాయనీ, స్వాహా అయినట్లు తేలిన సొమ్ములో 87 శాతం వసూలు కాలేదనీ తెలిసింది. కూలీ తన హాజరు గురించి సాక్ష్యం చెప్పగలడు కానీ, సిమెంటు బస్తాల లెక్క, కంకర ధర అతనికి తెలిసే అవకాశం తక్కువ. దొంగతనం సాక్షి లేని చోటికి జరిగిపోయింది. బయటపడిన తప్పుకు శిక్షపడే యంత్రాంగం బలహీనంగా ఉండడాన్ని గుర్తించే ఆంధ్రప్రదేశ్ 2012లో సామాజిక తనిఖీని ప్రోత్సహించడానికి, అవినీతి పద్ధతులను నిరోధించడానికి ప్రత్యేక చట్టం చేసింది. అయినా రికవరీ ఉత్తర్వు వెలువడడం వేరు, సొమ్ము కూలీ ఖాతాలో తిరిగి పడడం వేరు అన్న అనుభవమే ఎక్కువగా మిగిలింది. మూల్యాంకనం చేసినవారు తమ పని పూర్తిచేశాక, దాని మీద చర్య తీసుకోవలసినవారు చేతులు ముడుచుకుంటే, జనం రెండోసారి సాక్ష్యం చెప్పడానికి ముందుకు రారు. ఊళ్లో పలుకుబడి ఉన్నవారితో విరోధం ఒక్కటే వారికి దక్కిన ఫలితం అవుతుంది.

ఆ లోపాలతో సహా చూసినా, పంచాయతీల పనితీరు మూల్యాంకనానికి సామాజిక తనిఖీ చూపిన దారే సరైనది, దానిని ఒక్క ఉపాధి పథకానికి పరిమితం చేయడం సరికాదు. మేఘాలయ 2017లో ప్రభుత్వ సేవలు, పథకాలు అనేకం దీని పరిధిలోకి వచ్చేలా ప్రత్యేక చట్టం చేసింది. ఈ పద్ధతికి ఊపిరిపోసిన తెలుగు రాష్ట్రాలు మంచినీటికి, పారిశుధ్యానికి, ఆర్థిక సంఘం నిధుల ఖర్చుకు దానిని విస్తరించడానికి వెనుకాడవలసిన కారణమేదీ లేదు. 2021 నుంచి 2026 వరకు పదిహేనో ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన 2,36,805 కోట్ల రూపాయల్లో 60 శాతం నీటికి, పారిశుధ్యానికే ముడిపెట్టి ఇచ్చింది కనుక, ఆ డబ్బు ఫలితమిచ్చిందా అని అడగడానికి చివరి కుళాయి కంటే మంచి సాక్ష్యం లేదు. ప్రతి పంచాయతీ తన ఊరికి తగిన కొద్దిపాటి సూచికలను గ్రామసభలో తానే ఎంచుకోవాలి. వాటిలో తన చేతిలో ఉన్న పనులకు తాను, ఇతర శాఖల చేతిలో ఉన్నవాటికి ఆ శాఖల ఉద్యోగులు అదే సభలో జవాబు చెప్పాలి. ఒక ఊరిని మరో ఊరితో పోల్చి ర్యాంకు వేయడం కంటే ఏ ఊరిని ఆ ఊరి నిరుటి స్థితితో పోల్చడం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. లోపాన్ని తానే బయటపెట్టి దిద్దుకున్న పంచాయతీకి మార్కులు కోసే విధానం ఉన్నంతకాలం ఏ కార్యదర్శీ నిజమైన అంకె రాయడానికి సాహసించడు. ఆ భయాన్ని తొలగించడం మండల, జిల్లా స్థాయి అధికారులు మొదట చేయవలసిన పని. సూచికల్లో ఏది పెట్టాలన్న నిర్ణయంలో దళితవాడ, తండా, గూడెం ప్రజలకు, ముఖ్యంగా మహిళలకు, చోటు లేకపోతే గ్రామసభ ఎంచుకున్న కొలత కూడా ఊళ్లో పెద్దల కొలతగానే మిగులుతుందన్న జాగ్రత్త సైతం అవసరం.

దీనికి కొత్త చట్టం కోసమో, కొత్త యాప్ కోసమో ఎదురుచూడవలసిన పనిలేదు. దేశంలోని గ్రామ పంచాయతీల వార్షిక ప్రణాళికలు, వచ్చిన నిధులు, చేసిన ఖర్చుల వివరాలు 2020 ఏప్రిల్ నుంచి ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. సెల్‌ఫోను ఉన్న ఏ యువకుడైనా, ఏ స్వయం సహాయక సంఘం మహిళ అయినా తమ ఊరి పేజీ తెరిచి, అక్కడ రాసిన మురుగుకాలువ తమ వీధిలో నిజంగా ఉన్నదా అని వెళ్లి చూడవచ్చు. తెలంగాణ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలంటున్నది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏడాదిలో నిర్ణీత పర్యాయాలు గ్రామసభ జరిగితీరాలి. గ్రామస్థులు తమ ఊరి తదుపరి గ్రామసభ తేదీని పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకుని, ఆ ఖర్చుల వివరాలు చేతపట్టుకుని హాజరై, వాటిని సభలో బిగ్గరగా చదవమని కోరాలి.